అన్నమును శక్తిగా మార్చు రహస్యం – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం

ఆంధ్రదేశంలో జన్మించి, అమెరికాలో శ్రమించి, అక్కడే కన్నుమూసిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మన విద్యార్థులకు అపరిచితం కాదు. ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందు, రక్తపు క్యాన్సరుకు తొలి ఔషధాలలో ఒకటి ఆయన పర్యవేక్షణలో వెలువడినవని పలువురు చదివియే ఉందురు. అయితే మధుమేహమును గూర్చిన విజ్ఞానానికీ, ఆయన జీవితానికీ గల సంబంధం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆయన ఇన్సులిన్‌ను కనుగొనలేదు. చక్కెర వ్యాధికి మందు తయారు చేయనూ లేదు. అయినప్పటికీ తిన్న అన్నం దేహంలో శక్తిగా ఎట్లు మారుతున్నదో లోకానికి తెలియజెప్పిన కొద్దిమందిలో ఆయన ఒకరు. ఆ మార్పు సక్రమంగా జరగకపోవడమే మధుమేహం. అందుచేత ఈ వ్యాసంలో ఆయన జీవితాన్ని ఆ కోణం నుండి పరిశీలింపదలచితిమి.

ఇట్లు పరిశీలించుటకు మరొక కారణం కూడా కలదు. భారత వైద్య పరిశోధనా మండలి సహకారంతో జరిగి, 2023లో ప్రకటింపబడిన అధ్యయనం ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నది; మరి 13.6 కోట్ల మంది దాని వాకిట నిలిచి ఉన్నారు. మన నెల్లూరు తీరంలో కృష్ణపట్నం మొదలు ఇస్కపల్లి వరకు ఏ గ్రామంలో విచారించినను ఈ జబ్బు లేని వీధి కనబడదు. రోగులలో రెండు తెగల వారిని మనం చూస్తున్నాము. మాత్ర వేసుకున్నాము గదా యని ఆహారాన్ని లెక్కచేయనివారు ఒక తెగ. కాకరరసమో, ఆకుల కషాయమో త్రాగుతున్నాము గదా యని మాత్రలనే మానివేసినవారు రెండవ తెగ. ఆహారమూ ఔషధమూ రెండూ అవసరమేననీ, ఆ రెండింటినీ కొలతతో నడిపించాలనీ తెలుసుకొనుటకు సుబ్బారావుగారి జీవితం కంటె మంచి పాఠం మన భాషా సీమలో దొరకదు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. తండ్రి అనారోగ్యం వలన కుటుంబం చిక్కులలో పడినది. బాల్యంలో ఆయన చదువులో అగ్రగణ్యులు కారు. అరటిపండ్ల వ్యాపారంతో ధనం గడింపవచ్చునని కాశీకి బయలుదేరగా, తల్లి వెనుకకు రప్పించి బడికి పంపినదని ఆయన జీవిత చరిత్రకారులు చెప్పుదురు. మెట్రిక్యులేషన్‌లో మూడవ ప్రయత్నంలోగాని ఉత్తీర్ణులు కాలేకపోయారు. పిదప మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, సన్యసింపగోరి రామకృష్ణ మఠాన్ని ఆశ్రయించారు. తల్లి సమ్మతింపలేదు. సేవయే మార్గమైతే వైద్యవిద్య దానికి సాధనమని తలచి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. మిత్రుల సహాయం, కాబోయే మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి సహాయం ఆ చదువుకు ఆధారమైనవి. 1919లో ఆయనకు శేషగిరిగారితో వివాహం జరిగినది.

అవి జాతీయోద్యమం ఊపందుకొన్న దినాలు. గాంధీజీ పిలుపును మన్నించి సుబ్బారావుగారు శస్త్రచికిత్సా గదిలో సైతం ఖద్దరు అంగీ ధరించారు. శస్త్రచికిత్సాచార్యుడగు బ్రాడ్‌ఫీల్డుకు అది నచ్చలేదు. ఫలితంగా ఆయనకు పూర్తి పట్టాకు బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కినది. ప్రభుత్వ వైద్య శాఖలో ప్రవేశింపజూచినను ఫలించలేదు. తుదకు మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో దేహనిర్మాణ శాస్త్రాన్ని బోధించు ఉపన్యాసకులైనారు.

ఈ కాలంలోనే ఆయన జీవితాన్ని మలుపు త్రిప్పిన విషాదం సంభవించినది. ఉష్ణదేశపు సంగ్రహణి అను వ్యాధికి ఇరువురు సోదరులు కొద్ది దినాల వ్యవధిలో బలియైనారు. సంగ్రహణి విచిత్రమైన వ్యాధి. రోగి తింటాడు, తిన్నది ఒంటికి పట్టదు. అన్నం ఎదుటనే ఉండగా దేహం ఆకలితో కృశిస్తుంది. అదే వ్యాధి సుబ్బారావుగారిని కూడా పట్టినది. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స వలన ఆయన కోలుకున్నారు. కోలుకొనుటతో ఆయన తృప్తి చెందలేదు. ఏ పదార్థం పని చేసినది, ఎందుకు పని చేసినది, ఎంత మోతాదులో పని చేసినది అను ప్రశ్నలు ఆయనను వెన్నాడినవి. ఆయుర్వేదాన్ని ఆధునిక శాస్త్ర పునాదిపై నిలుపవలెననునది అప్పటి ఆయన ఆశయం.

మధుమేహం కూడా ఒక విధంగా అట్టి వ్యాధియే. సంగ్రహణిలో అన్నసారం ప్రేగు గోడను దాటి రక్తంలో చేరదు. మధుమేహంలో అన్నసారమైన గ్లూకోజు రక్తంలో చేరుతుంది గాని, కండరంలోనికి తగినంతగా ప్రవేశింపదు. ఏరు నిండుగా పారుచుండగా ఒడ్డున ఉన్న పొలం ఎండిపోయినట్లు, రక్తంలో చక్కెర పొంగిపొరలుచుండగా కణాలు ఆకలితో అలమటిస్తాయి. వ్యాధి ముదిరిన రోగి బాగుగా తింటూనే బరువు తగ్గిపోవుటకు కారణం ఇదియే. తిన్న అన్నం ఒంటికి పట్టాలంటే ఏమి జరగాలి? ఈ ప్రశ్నతోనే సుబ్బారావుగారి శాస్త్ర జీవితం ఆరంభమైనదని చెప్పవచ్చును.

మామగారి ధన సహాయంతోను, కాకినాడకు చెందిన మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతోను ఆయన అమెరికాకు ప్రయాణమై, 1923 అక్టోబరు 26న బోస్టన్ నగరంలో అడుగుపెట్టారు. భార్యను స్వదేశంలోనే విడిచి వెళ్ళారు. తిరిగి రావలెనని ఎన్ని పర్యాయాలు తలచినను మరలా మాతృభూమిని చూడలేకపోయారు. ఆయన కీర్తికి శేషగిరిగారు చెల్లించిన మూల్యాన్ని సైతం మనం మరువరాదు.

ఆ నాటి బోస్టన్ నగరం మధుమేహ చికిత్సకు ముఖ్య కేంద్రాలలో ఒకటి. 1921 వేసవిలో కెనడాలోని టొరంటో నగరంలో బాంటింగ్, బెస్టులు ఇన్సులిన్ పరిశోధన ఆరంభించారు. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అను 14 సంవత్సరాల బాలునకు దానిని మొదటిసారి సూది ద్వారా ఇచ్చారు. సుబ్బారావుగారు బోస్టన్ చేరిన 1923 సంవత్సరానికే బాంటింగ్, మెక్లాయిడ్‌లకు నోబెల్ బహుమతి లభించినది. అంతకు పూర్వం మధుమేహానికి చికిత్స యనగా దాదాపు ఉపవాసమే. రోగిని ఎముకల గూడుగా మార్చి, మరణాన్ని కొన్ని నెలలో, కొన్ని సంవత్సరాలో వాయిదా వేయుట తప్ప వైద్యుడు చేయగలిగినది లేకుండెను. బోస్టన్‌లో డాక్టర్ ఇలియట్ జోస్లిన్ 1922 ఆగస్టు నుండి తన రోగులకు ఇన్సులిన్ ఇచ్చుచుండెను. ఇన్సులిన్ వచ్చిన పిదప కూడా జోస్లిన్ ఆహార నియమాన్ని విడువలేదు. ఆహారం తూచి తినుట, మూత్రంలో చక్కెర పరీక్షించుకొనుట, నడచుట, ఇవన్నీ రోగికే స్వయంగా నేర్పెడివాడు. 1918లోనే రోగుల కొరకు ఒక చేతిపుస్తకం వ్రాసెను. మందు వచ్చినది కదా యని కొలతను మానరాదనుట ఆయన బోధ.

పరాయి నగరంలో సుబ్బారావుగారికి పూట గడచుటయే కష్టమైనది. వైద్య పట్టా గల ఆయన పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరచు పని చేసి పొట్టపోసుకున్నారు. పగలు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశ వైద్యశాస్త్రం చదివి 1924లో డిప్లమా పొందారు. అటుపిమ్మట అక్కడి జీవరసాయన విభాగంలో చేరారు. ఆ విభాగానికి అధిపతి ఓటో ఫోలిన్.

మధుమేహ రోగులు ఈ ఫోలిన్‌కు ఋణపడియున్నారు. చీనా దేశీయుడైన సియెన్ వూ అను శాస్త్రజ్ఞునితో కలసి 1919, 1920 సంవత్సరాలలో ఆయన రక్తంలోని చక్కెరను కొలుచు సులభ పద్ధతిని ఏర్పరచెను. కొద్దిపాటి రక్తంతోనే ఆ పరీక్ష పూర్తియగును. రక్తంలోని గ్లూకోజు మొదట రాగి లవణాన్ని మార్పు చెందించును. అటుపై కలిపిన మాలిబ్డినం ద్రావణం నీలిరంగుకు తిరుగును. రంగు ఎంత చిక్కనైతే చక్కెర అంత ఎక్కువ. మన దేశపు ఆసుపత్రులలో సైతం దశాబ్దాల తరబడి ఈ పద్ధతియే వాడుకలో ఉండెను. ఎంజైములపై ఆధారపడిన నేటి పరీక్షలు వచ్చిన తరువాతనే అది తెరమరుగైనది. కొలుచు సాధనమే లేకున్న ఇన్సులిన్ వంటి మందు రెండంచుల కత్తి. మోతాదు తగ్గిన వ్యాధి పెరుగును. మోతాదు మించిన చక్కెర పడిపోయి రోగి స్పృహ తప్పును. కనుక మందును కనుగొన్నవారికెంత గౌరవం ఇచ్చెదమో, కొలతను కనుగొన్నవారికీ అంత గౌరవం ఇవ్వవలెను.

ఫోలిన్ విభాగంలో సైరస్ ఫిస్క్ అను ఆచార్యుని వద్ద సుబ్బారావుగారు పని ఆరంభించారు. ఇన్సులిన్ ఇచ్చినపుడు రక్తంలో చక్కెరతో పాటు ఫాస్ఫేటు కూడా తగ్గుచున్నదని ఆ సంవత్సరాలలో పరిశోధకులు గమనించారు. చక్కెరకూ భాస్వరానికీ సంబంధమేమి? అది తెలియవలెనన్న ముందుగా రక్తంలోను, కండరంలోను గల స్వల్ప భాస్వరాన్ని ఖచ్చితంగా కొలువగలగాలి. ఫిస్క్, సుబ్బారావులు 1925లో ప్రకటించిన పద్ధతి ఆ కొరతను తీర్చినది. దీనిలోను అంతిమ ఫలం మాలిబ్డినం నీలిరంగే. ఆ రంగు చిక్కదనాన్ని బట్టి భాస్వరపు లెక్క తేలును. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అను పేరుతో జీవరసాయన విద్యార్థులు నేటికీ దీనిని అభ్యసించుచున్నారు. అటు ఫోలిన్ చక్కెరను, ఇటు సుబ్బారావుగారు భాస్వరాన్ని ఒకే నీలిరంగుతో కొలిచిరనుట గమనింపదగిన విషయం.

ఆ కొలత చేతికి వచ్చిన పిదప గొప్ప సత్యాలు ఒకటి వెంట ఒకటి వెలువడినవి. కండరాన్ని పరీక్షించగా అందులో అంతవరకు ఎవ్వరూ ఎరుగని పదార్థమొకటి కనబడినది. కండరం పనిచేసినపుడు అది తరిగిపోవుచున్నది. విశ్రమించినపుడు తిరిగి నిండుచున్నది. దానికి ఫాస్ఫోక్రియాటిన్ అని పేరు. 1927లో దీనిని గూర్చి వారు లోకానికి తెలిపిరి. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుండి లభించుచున్నదను సిద్ధాంతం ఆనాడు రాజ్యమేలుచుండెను. దానితో ముడిపడిన పరిశోధనకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా వచ్చియుండెను. భీమవరపు యువకుని సీసాలలోని నీలిరంగు ఆ సిద్ధాంతాన్ని కదిలించినది. 1929లో వారు కండరం నుండి ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అను పదార్థాన్ని వేరుచేసిరి. అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ కూడా స్వతంత్రంగా దీనిని కనుగొనెను. నేడు ఏటీపీ అని పొట్టి పేరుతో వ్యవహరింపబడుచున్నది ఇదియే. సుబ్బారావుగారికి 1930లో డాక్టరేటు లభించినది.

ఏటీపీని దేహమను సంతలో చెల్లు నాణెముతో పోల్చవచ్చును. అన్నం, పప్పు, చేప, నూనె, ఏది తిన్నను దానిలోని శక్తి తుదకు ఈ నాణెంగా మారిన పిదపనే గుండె కొట్టుకొనుటకు, కాలు నడచుటకు, మెదడు ఆలోచించుటకు ఖర్చగును. గ్లూకోజు కండర కణంలో ప్రవేశించిన తక్షణం మొట్టమొదట జరుగు పని, ఏటీపీ నుండి ఒక ఫాస్ఫేటును తీసుకొని తనకు తగిలించుకొనుట. ఆ ముద్ర పడిన గ్లూకోజు ఇక కణం దాటి పోలేదు. దహనమై మరింత ఏటీపీని ఇచ్చుటయో, నిల్వగా మారుటయో దాని గతి. ఇన్సులిన్ చేయు ముఖ్య కార్యాలలో ఒకటి కండరానికీ కొవ్వుకూ గల తలుపులను గ్లూకోజు కొరకు తెరచుట. ఇన్సులిన్ ఇచ్చినపుడు చక్కెరతో పాటు ఫాస్ఫేటు కూడా రక్తం నుండి ఎందుకు తగ్గునో దీనిని బట్టి అర్థమగును. రెండూ కలసియే కణంలోనికి పోవుచున్నవి.

కొందరిలో ఇన్సులిన్ ఉండియు తలుపులు సులభంగా తెరచుకొనవు. దీనినే ఇన్సులిన్ నిరోధకత యందురు. ఇంగ్లండులో హిమ్స్‌వర్త్ అను వైద్యుడు 1936లో మధుమేహ రోగులను ఇన్సులిన్‌కు లొంగువారు, లొంగనివారు అని రెండు తెగలుగా వేరుచేసి చూపెను. పెద్ద వయసులో వచ్చు మధుమేహానికి మూలంలో తరచు ఈ మొండితనమే ఉండును. నడుము చుట్టు కొవ్వు పేరుకొనుట, కండరాలకు పని లేకుండుట దీనిని పెంచును. మనదేశీయులలో చూపునకు సన్నగా ఉన్నవారిలో సైతం పొట్టలో కొవ్వు దాగియుండుట కద్దు. అయస్కాంత అనునాద పద్ధతి ద్వారా కత్తి తగలకుండ, బ్రదికియున్న మనిషి కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని ఇప్పుడు చూడగలుగుచున్నారు. ఇన్సులిన్ నిరోధకతను గూర్చిన పరిశోధనలో ఆ పద్ధతి ఎంతో ఉపకరించినది. సుబ్బారావుగారు వెదకిపట్టిన పదార్థాలే నేడు ఈ వ్యాధి రహస్యానికి సాక్ష్యం చెప్పుచున్నవి.

బోస్టన్ నగరపు మరొక కథను ఇచట చెప్పుకొనవలెను. జార్జి మైనాట్ అను వైద్యుడు 1921లో మధుమేహానికి గురియై, జోస్లిన్ వద్ద కఠినమైన ఆహార నియమంతో రోజులు లెక్కించుచుండెను. 1923లో ఇన్సులిన్ అందుటతో బ్రదికెను. బ్రదికినవాడు ఊరకుండలేదు. ప్రాణాంతకమైన ఒక రక్తహీనత కాలేయాన్ని ఆహారంగా ఇచ్చిన నయమగునని 1926లో మర్ఫీతో కలసి నిరూపించెను. 1934లో నోబెల్ బహుమతి పంచుకొనెను. మందు వలన నిలిచిన ఒక మధుమేహ రోగి ఆహారం ద్వారా వేలమందిని నిలిపెనన్నమాట. కాలేయంలోని ఆ మహిమగల పదార్థం ఏమిటో వేరుచేయు పనిని 1930వ దశకంలో చేపట్టిన వారిలో సుబ్బారావుగారు ఒకరు. ఆహారంలో దాగిన ఔషధాన్ని కొలతకు తెచ్చుట! ఇది మద్రాసులో రోగిగా ఉన్నపుడు ఆయనకు కలిగిన ప్రశ్నయే కదా.

హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వతమైన పదవి లభింపలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ఔషధ సంస్థలో చేరి, పరిశోధనా విభాగానికి అధిపతియైనారు. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1928 నుండి బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంతో అది నయమగుచున్నదని గుర్తించియుండెను. అట్టి పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తేలినది. సుబ్బారావుగారి నాయకత్వంలో 1945లో దానిని ప్రయోగశాలలో తయారుచేసిరి. అది సంగ్రహణికి కూడా మందైనది. సోదరులు మరణించిన సుమారు పాతికేళ్ళ పిదప వారిని బలిగొన్న వ్యాధికి ఆయన చేతనే ఔషధం సిద్ధించినది. వారిని అది రక్షింపలేదు. వారి వంటి ఇతరులను రక్షించినది.

ఫోలిక్ ఆమ్లం మధుమేహ రోగులకు ఒక హెచ్చరికను కూడా మిగిల్చినది. ప్రాణాంతక రక్తహీనతలో దానిని వాడగా రక్తపు లెక్కలు చక్కబడినవి గాని, నరాల చెరుపు ఆగలేదు. అసలు లోపం బి12 విటమిన్‌దని 1948లో ఆ విటమిన్ దొరకిన పిదప స్పష్టమైనది. ఇక నేటి మధుమేహ చికిత్సలో మెట్‌ఫార్మిన్ ప్రధానమైన మాత్ర. ఐరోపా ఖండపు గెలీగా అను మొక్క గుణాల నుండి మొదలైన పరిశోధన దీనికి మూలం. ఈ రసాయనాన్ని 1922లోనే తయారుచేసినను, మధుమేహ రోగులపై దాని ఫలితాన్ని ఫ్రాన్సులో జాన్ స్టెర్న్ 1957లో ప్రకటించెను. అది కాలేయం విడుదల చేయు చక్కెరను తగ్గించును. కణంలో ఏటీపీ తయారీని స్వల్పంగా మందగింపజేసి, శక్తిని పొదుపు చేయుమని కణానికి సంకేతమిచ్చుట దాని పని తీరులో ఒక భాగమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. చాల సంవత్సరాలు ఈ మాత్ర వాడువారిలో కొందరికి బి12 తగ్గును. మధుమేహం వలన వచ్చు కాళ్ళ తిమ్మిరి, బి12 లోపం వలన వచ్చు తిమ్మిరి చూచుటకు ఒక్కతీరుగానే ఉండును. కనుక మాత్ర మానరాదు. వైద్యుని అడిగి బి12 పరీక్ష చేయించుకొనవలెను.

మన తీరానికి సుబ్బారావుగారు చేసిన ప్రత్యక్షోపకారం మరొకటి కలదు. నెల్లూరు తీరగ్రామాలలో బోదకాలు బాధ తెలియనివారు లేరు. ఆయన బృందం 1947లో వెలువరించిన హెట్రజాన్, అనగా డైఇథైల్ కార్బమజీన్, ఆ వ్యాధి క్రిములను నశింపజేయు మందు. ప్రభుత్వ సిబ్బంది ఏటేట ఇంటింటికి తిరిగి మ్రింగించిన బోదకాలు మాత్ర ఇదియే. ఆ మాత్రను కనుగొనిన వ్యక్తి తెలుగువాడని మ్రింగినవారిలో ఎందరికి తెలియును?

ఆయన పర్యవేక్షణలో వెలువడిన ఎమినాప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో రక్తపు క్యాన్సరు గల పిల్లలకు కొంతకాలపు ఉపశమనం కలిగించెను. దాని వెంట వచ్చిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. పేరు కొరకు ప్రాకులాడక, పత్రికలవారికి దూరంగా ఉండి, సహచరులను ముందుకు నెట్టి తాను వెనుక నిలుచుట ఆయన స్వభావం. 1948 ఆగస్టు మాసంలో ఒక రాత్రి నిద్రలోనే గుండెపోటుతో పరమపదించారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు మాత్రమే. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసినది.

ఈ జీవితం మన తీరవాసులకు బోధించునదేమి? మొదటిది, కొలుచుకొనుట. పరగడుపున రక్తంలో చక్కెర 126 మిల్లీగ్రాములు, లేదా మూడు మాసాల సగటును తెలుపు పరీక్షలో 6.5 శాతం దాటినచో అది మధుమేహమే. ఒంట్లో బాగానే ఉన్నదను అనుభూతి కొలత కాదు. రెండవది, ఆహారం. నెల్లూరు మొలగొలుకుల ప్రఖ్యాతి మనకు గర్వకారణమే గాని, పళ్ళెం నిండ అన్నం పెట్టుకొని అంచున కూర వేసుకొను అలవాటును మార్చుకొనవలెను. సగం పళ్ళెం కూరగాయలు, పావు వంతు పప్పు లేదా చేప, పావు వంతు మాత్రమే అన్నం ఉండుట మేలు. మన చేపల పులుసులో దోషం లేదు. దానితో మరల మరల వడ్డించుకొను అన్నంలోనే ఉన్నది. రాగిజావ అయినను, చపాతీ అయినను పరిమితి మీరిన చక్కెరను పెంచక మానవు. మూడవది, నడక. పనిచేయు కండరం ఇన్సులిన్ సహాయం కొంత తగ్గినను గ్లూకోజును స్వీకరించును. నాలుగవది, ఔషధం. వైద్యుడు చెప్పిన మాత్రను, ఇన్సులిన్‌ను స్వంతంగా మానరాదు. శీతలయంత్రం లేని ఇంట నీరు పోసిన మట్టికుండలో ఇన్సులిన్ సీసాను తడవకుండ భద్రపరచుకొనవచ్చును. రంజాన్ ఉపవాసాలు గాని, ఇతర వ్రతాలు గాని ఆచరింపదలచినవారు ముందుగా వైద్యుని సంప్రదించి మోతాదులు మార్పించుకొనవలెను. చెమటలు, వణకు, కళ్ళు తిరుగుట కలిగినచో చక్కెర పడిపోయినదని గుర్తించి, వెంటనే పంచదార తీసుకొనవలెను. చివరగా పాదరక్ష. కాళ్ళు తిమ్మిరెక్కిన రోగికి మండు ఇసుక కాల్చినను తెలియదు. మైపాడు ఇసుకపై చెప్పులు లేకుండ నడచుట మధుమేహ రోగికి ప్రమాదకరం.

విద్యార్థులారా! మెట్రిక్యులేషన్‌లో రెండు పర్యాయాలు తప్పిన బాలుడు, ఖద్దరు ధరించినందుకు పూర్తి పట్టా దక్కని యువకుడు, రాత్రివేళ ఆసుపత్రి పాత్రలు కడిగిన పరదేశి ఒకే ప్రశ్నను పాతికేళ్ళు విడువక పట్టుకొని సాధించెను. మీ ఇండ్లలో మధుమేహంతో బాధపడు తల్లిదండ్రులు ఉందురు. వారి పరీక్షా పత్రంలోని అంకెలను చదివి చెప్పగల విద్య మీకున్నది. వారి పళ్ళెంలోని అన్నాన్ని, డబ్బాలోని మాత్రలను, పాదాల చర్మాన్ని వారమునకొకసారి శ్రద్ధగా చూడుడు. ఆ చిన్న పనికి హార్వర్డ్ అవసరం లేదు. సుబ్బారావుగారికి మనం చెల్లింపగల ఋణంలో అది మొదటి వాయిదా యగును.